బడి గోడ మీద చుక్క

వదినకు మీ మరిది నమస్కారాలు.

ఇక్కడ నేనూ మీ తోడికోడలూ కులాసాగానే ఉన్నాం. మీ నడుం నొప్పి తగ్గిందనీ, ఆస్పత్రిలో పగటి డ్యూటీకి మార్చారనీ చదివి ఇద్దరం స్థిమితపడ్డాం. నిజానికి నాకంటే ముందు ఆవిడే మీ ఉత్తరం చింపి చదివేసింది. అడిగితే "అక్కయ్య రాసింది నాకు, మధ్యలో నువ్వెవరు?" అంటోంది.

మీరు అడిగినవాటికి జవాబులు. అన్నయ్య కుంచెలు పాడవలేదు, వారానికోసారి కిరసనాయిల్లో కడిగి ఆరబెడుతున్నాను. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాసే పని తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇక, "నీకే సరిగ్గా రాదు, పిల్లలకేం నేర్పుతున్నావు?" అని అడిగారు చూడండి, దానికి కొంచెం పెద్ద జవాబే రాయాలి.

బస్టాండు వెనక కడుతున్న భవనాల కూలీల పిల్లలు మీకు గుర్తే కదా. ఒక భవనం లేచిందంటే రేకుల షెడ్లు విప్పుకొని ఇంకోచోటికి పోతారు. బడి మొహం చూసినవాళ్లు లేరు. డబ్బా అడుగున మిగిలిన రంగులన్నీ అన్నయ్య వాళ్లకిచ్చి, మన బోర్డుల కొట్టు వెనక గోడ మీద బొమ్మలు వేసుకోనిచ్చేవాడు. "ఎప్పుడో ఒకప్పుడు వీళ్లను కూర్చోబెట్టి నాలుగు అక్షరాలు నేర్పాలిరా" అనేవాడు. అది చెయ్యకుండానే వెళ్లిపోయాడు. ఆయన పోయి ఏడాది తిరిగిన రోజు సాయంత్రం ఆ గోడ ముందు నేనే చాప పరిచాను. ముగ్గురు వచ్చారు. ఇప్పుడు పదకొండు మంది.

అన్నయ్య నాకు నేర్పినట్టే నేర్పుతున్నాను. అక్షరాన్ని బొమ్మలా గీయమంటాను. ముందు పొట్ట, తర్వాత తలకట్టు. పాలు, మందులు, టైలరు అంటూ వీధిలో కనబడే మాటలే మా పాఠాలు. నేర్చుకున్నది గొంతెత్తి చదువుతూ ఇంటికి పోతారు. "మీవాళ్లు రోజుకు పదిసార్లు చదివి నా బోర్డు అరగదీస్తున్నారయ్యా" అని మందుల కొట్టాయన గోల.

వాళ్లలో తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి ఉంది. ఒకచోట నిలవదని అందరూ పిచ్చుక అంటారు. కుంచె పట్టుకుందంటే మాత్రం ఊపిరి బిగబట్టి గీస్తుంది. దాన్ని బడిలో చేర్చాలని మొన్న సోమవారం బయల్దేరాం. వెళ్లేది ప్రాథమిక పాఠశాలకు కదా అని ముందురోజే ఆ రెండు మాటలూ దిద్దించాను. వాళ్లమ్మ పని మానుకుని వచ్చింది.

హెడ్మిస్ట్రెస్ మంచావిడే, కానీ గట్టి మనిషి. "వీళ్లు ఏడాదికి నాలుగుచోట్లు మారతారు. వయసా, ఒకటో తరగతికి మించిపోయింది. చదవడం రాని పిల్లను మూడో తరగతిలో ఎలా కూర్చోబెట్టమంటారు?" అంది.

"చదువుతుందండీ" అన్నాను.

"అయితే చదవమనండి" అంటూ మమ్మల్ని ఆవరణలోకి తీసుకొచ్చి గోడ మీది బడి పేరు చూపించింది.

పిచ్చుక "ప్రా" అని ఆగిపోయింది. మెడ చాచి గోడకేసే చూస్తోంది. హెడ్మిస్ట్రెస్ నావైపు చూసింది. వాళ్లమ్మ తల దించుకుంది.

"టీచర్, ఇది తప్పు" అంది పిచ్చుక. "థ పొట్టలో చుక్క లేదు. చుక్క లేకపోతే అది వేరే అక్షరం."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఒకటే నవ్వు. "నాలుగేళ్లుగా రోజూ దీని కిందనుంచే నడుస్తున్నానే! నాకు లేని కళ్లు నీకెక్కడివే?" అంది. పిచ్చుకనే కాదు, పదకొండు మందినీ తీసుకురమ్మంది. వాళ్లు ఊరు మారితే అక్కడి బడికి తానే ఉత్తరం రాసిస్తానంది. వాళ్లమ్మ ఏడుస్తూనే నవ్వింది. అన్నయ్య సన్న కుంచె తెచ్చి, పిల్లను బల్ల ఎక్కించి ఆ చుక్క దాని చేతే పెట్టించాం.

అప్పుడు హెడ్మిస్ట్రెస్ "ఇంతకీ ఇది రాసిన మహానుభావుడెవరు?" అని అడిగింది. నేను కుంచె కడిగే నెపంతో పక్కకు తిరిగాను.

వదినా, ఆ గోడ సంగతి మీరే కిందటి ఉత్తరంలో రాశారు. తప్పు రాశాడని అప్పటి హెడ్మాస్టరు తిట్టిపోయిన రోజు, "అక్షరం రానివాడివి, కుంచె ఎందుకు పట్టావు?" అని అన్నయ్యను అన్నాననీ, ఆ మాట ఇప్పటికీ మిమ్మల్ని గుచ్చుతోందనీ.

ఆ గోడ రాసింది అన్నయ్య కాదు. నేను. ఆయనకు జ్వరమొచ్చి, అక్షరాల వరసకు గీతలు మాత్రం కొట్టి రమ్మని నన్ను పంపాడు. నా పనితనం చూపిద్దామని మొత్తం రాసేసి వచ్చాను. హెడ్మాస్టరు కొట్టుకొచ్చి నలుగురి ముందూ కేకలేస్తుంటే నేను వెనక రంగు కలుపుతున్నాను. అన్నయ్య నావైపు ఒక్కసారి చూసి, "పొరపాటు నాదే సార్, సరిచేస్తాను" అన్నాడు. "నా గోడ ముట్టుకోవద్దు, వేరేవాళ్లతో దిద్దించుకుంటాను" అని ఆయన వెళ్లిపోయాడు, దిద్దించనే లేదు. అప్పుడు కూడా అన్నయ్య "ఇకనుంచి చుక్క మర్చిపోకురా" అన్నాడు, అంతే. ఇంటికొచ్చి మీ మాట కూడా నోరెత్తకుండా పడ్డాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏళ్లు గడిపేశాను. ఇప్పుడు చెబుదామంటే మనిషే లేడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి హెడ్మిస్ట్రెస్‌కు చెప్పేశాను. సాయంత్రం పిల్లలకూ చెప్పాను. వాళ్లు పడీపడీ నవ్వారు. పిచ్చుక నాచేత వందసార్లు థ రాయించి, పక్కనే కూర్చుని లెక్కపెట్టింది.

వదినా, అన్నయ్య నన్ను తిట్టి ఉంటే ఆ రోజే తేలికపడేవాణ్ణి. మీరన్న ఆ మాట ఆయనది కాదు, నాకు రావలసింది. ఇన్నాళ్లూ మీరు మోసింది చాలు, అది నాకు ఇచ్చెయ్యండి. నాలుగు రోజులు సెలవు పెట్టుకుని రండి. పదకొండు మంది ముందూ నన్ను నోరారా తిట్టండి. ఆ తర్వాత, ఆయన ఎలాంటి మనిషో పిల్లలకు మీరే చెబుదురుగాని.

ఇట్లు,
మీ తిట్ల కోసం ఎదురుచూస్తున్న
మరిది