తథాస్తు దేవతలకి భయపడి

ఒరే శీనూ,

రేపటికి నువ్వు పోయి నాలుగేళ్ళు. నందిగామలో మూడు రోజుల ట్రైనింగ్ ముగించుకుని, జగ్గయ్యపేట బస్సు కోసం కూర్చుని రాస్తున్నా. నడుం పట్టేసింది. ఇరవై ఏళ్ళుగా నర్సుని, నాకు కొత్తగా ఏం నేర్పుతారులే అనుకుంటూ వెళ్ళా.

చావాలనుకునే మనిషిని ముందే గుర్తుపట్టడం నేర్పారు. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగాలట. అడిగితే లేని ఆలోచన పుట్టదట, లోపలున్నది బయటికొస్తుందట. ఇద్దరిద్దరం ఎదురెదురుగా కూర్చుని అడగడం ప్రాక్టీసు చేశాం. మొదట ఒక్కరికీ ఆ మాట నోట్లోంచి రాలేదు. నా ఎదురుగా వీరులపాడు నుంచి వచ్చిన పెద్ద నర్సమ్మ. ‘తథాస్తు దేవతలు తిరుగుతుంటారమ్మా, ఆ మాటలేంటి’ అని చెవులు మూసుకుంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి, ‘అక్కా, ఒక్కోసారి బతకాలనిపించట్లేదే’ అన్నావు. నేను గరిటె తిప్పుతూనే, ‘నోర్ముయ్, తథాస్తు దేవతలుంటారు’ అన్నా. నువ్వు నవ్వేసి, చారు పోయించుకుని తిన్నావు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నెల తిరక్కుండానే వెళ్ళిపోయావు.

ఇవాళ నా వంతు వచ్చింది. ఆ పెద్ద నర్సమ్మ మళ్ళీ చెవులు మూసుకుంటే, చేతులు రెండూ దించి, కళ్ళలోకి చూసి అడిగా. సూటిగా ఆ మాటే అడిగా.

ట్రైనింగిచ్చే డాక్టరమ్మ మెచ్చుకుంది. ‘బాగా అడిగారు. ఇంతకు ముందు ఎవర్నైనా అడిగారా?’ అంది.

లేదండీ అన్నా.