ట్యూబుకు ఇరవై కణాలు

మార్చి 24
పాలకీడులో వరి ఈనింది. మామ నా పరిశోధనకు విడిచిన రెండు గుంటల పొలంలోనూ — ఒక గుంట ఎండలో, ఒకటి నీడవల కింద — పువ్వులు కోశాను. మిర్యాలగూడలో ఐసు కొని సూర్యాపేట బస్సెక్కాను. ఒళ్లో పువ్వుల డబ్బా. దారంతా మూత తడుముకోవడమే. ఇదే ఆఖరి పంట... జూన్‌తో ఫెలోషిప్ ఖతం.

మార్చి 25
ల్యాబ్. పువ్వుల్లోంచి పుప్పొడి కణాలు ఏరడం. ట్యూబుకు ఇరవై. ఎండకు ఏ జన్యువులు మేలుకున్నాయో చెప్పే ఆర్‌ఎన్‌ఏ అందులో ఉందో లేదో అన్నంత. వేల రెట్లు పెంచితే గానీ చదవలేం. మూత పెట్టబోయి రెండు ట్యూబులు ఒలకబోశాను. నా మొహం.

మార్చి 27
ఆర్‌ఎన్‌ఏ పెంచడం మొదలుపెట్టాను.

మార్చి 28
వచ్చింది! ఎండ గుంటకూ నీడ గుంటకూ ఎంత తేడా! ఉత్త నీళ్ల ట్యూబులో ఏమీ పెరగలేదు — అంటే బయటిదేదీ కలవలేదు. కోదాడలో ఉన్న మా గైడ్ మేడమ్‌కు ఫోన్ చేశాను. మూడేళ్లలో మొదటిసారి మెచ్చుకున్నారు.

మార్చి 30
మిఠాయి తీసుకుని పాలకీడు వెళ్లాను. మామ మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే చెప్పాడు — "ఎండ గుంటల ఆకులు ఎర్రబడుతున్నయ్ బిడ్డా. నువ్వు పూలు కొయ్యనీకి వచ్చే ముందురోజు జర పురుగుమందు కొట్టిన. మొక్కలు సస్తె నువ్వు పరేషాన్ అయితవని."
మందు కొట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను! నీడ గుంటకు కొట్టలేదట. మరి ఆ తేడా ఎండదా, మందుదా? కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. అత్త ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

మార్చి 31
మళ్లీ వెళ్లాను. మందు తగలని పువ్వులేమైనా దొరుకుతాయేమోనని గట్లన్నీ తిరిగాను. పూత అయిపోయింది. గింజలు పాలు పోసుకుంటున్నాయి. ఒక్క పువ్వు లేదు.

ఏప్రిల్ 1
ఎండ గుంట ట్యూబుల అడుగున కాస్త మిగిలింది. అదీ మందు తగిలినదే. ఎన్ని రెట్లు పెంచి ఏం లాభం.

ఏప్రిల్ 2
మామ ఫోన్. ఎందుకు సప్పుడు చేస్తలేవని అడిగాడు. "నేనేమన్న తప్పు చేసిన్నా?"
లేదు మామా, అన్నాను.

ఏప్రిల్ 3
మేడమ్ ల్యాబ్‌కు వచ్చారు. పొలం వివరాల ఫారం నింపమన్నారు. విత్తనం, నీళ్లు, ఎరువు — రాసేశాను. పురుగుమందు దగ్గర ఆగాను.
"ఏమీ కొట్టలేదు కదమ్మా? లేదని పెట్టేసెయ్. సంతకం చేసేసి వెళ్తాను."
రేపిస్తానన్నాను. అదోలా చూసి, ఫారం నా ముందే వదిలి వెళ్లారు. 'లేదు' అంటే డాక్టరేటు. నిజం రాస్తే మూడేళ్లూ మట్టిలో... చేసిందెవరని అడిగితే మామ పేరు చెప్పాలి. మామకు తెలిస్తే తట్టుకోలేడు.
ఆ ఒక్క గడి ఖాళీ. ఫారం నింపుదామని కూర్చుని, ఈ డైరీ రాస్తున్నాను.