మన నల్లగేదె, కమల వ్యాసం

పుదుచ్చేరి,
ఆగస్టు 12, మంగళవారం.

అక్కా,

ఈ రోజు పెద్ద ఆశ్చర్యం: మన నల్లగేదె మా తరగతిలోకి వచ్చింది. నవ్వకు, చెబుతాను. ముందు మీరంతా కులాసాయేనా? నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ముత్తియాల్‌పేటలో మేడమీది గది, కింద ఇంటివాళ్ల సాంబారు. ఉప్పుగాలికి బట్టలు ఆరవు, అంతే. బెంగపడకు.

మాకు తత్వశాస్త్రం చెప్పే వేదవల్లి మేడం జంతువులపట్ల మనిషి బాధ్యతేమిటని ముప్పై ఏళ్లుగా ఆలోచిస్తున్నారు. మొదట్లో తోటి అధ్యాపకులు "మనిషి సంగతే తేలలేదు, మేకలెందుకమ్మా?" అని ఎగతాళి చేసేవారట. ఉద్యోగంలో వెనకబడ్డా ఆవిడ దారి మార్చలేదు. నాకూ అలాంటి జీవితమే కావాలి. కొత్త పుస్తకానికి సాయంగా, వ్యాసాలు చూసి మాలో ఒకరిని తీసుకుంటానన్నారు. అందుకే నెలంతా నిఘంటువులు ముందేసుకుని బాధకూ, వేదనకూ, యాతనకూ తేడా ఏమిటని ఇరవై పేజీలు రాశాను.

ఈ పొద్దున మేడం చదివి వినిపించింది మాత్రం కమల వ్యాసం. కమల మా ఇంటివాళ్ల అమ్మాయి, నా తరగతే. తరతరాలుగా ఇక్కడున్న తెలుగువాళ్లు. ఏం రాసిందో తెలుసా? దూడ చచ్చిపోతే దాని చర్మంలో గడ్డి కుక్కి, ముందు నిలబెట్టి, మనం నల్లదాని పాలు పితికిన సంగతి! అన్నం తింటూ నేను చెప్పిన కబురు. "ఆ తల్లిని మోసం చేసే హక్కు మనకెవరిచ్చారు?" అని ముగించింది. గంట కొట్టగానే ఎవరికోసమూ ఆగకుండా బయటికి వచ్చేశాను.

మెట్ల దగ్గర కమల నన్ను పట్టుకుంది. "ఏందే, మొగం అట్ల పెట్టుకోనుండావు?"

"అది మా గేదె."

"మీదే. 'నా స్నేహితురాలి ఇంట్లో' అని రాసినా గదా! నువ్వు యాడ రాస్తివి? ఇరవై పేజీల్లో ఒక్క ఎనుము తోకన్నా అగపడిందా?"

పల్లెటూరిదంటారని దాచుకున్నది నేనేగా.

కానీ కమలకు చెప్పనిది ఒకటుంది. గడ్డి కుక్కిన చేతులు నావి. నల్లది రెండు రోజులు దూడను నాకింది. మూడో రోజు వాసన చూసి మొహం తిప్పేసుకుంది. నన్నే చూస్తూ నిలబడింది. అయినా పాలు చేపింది. మోసపోయి కాదక్కా. మరెందుకో నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

అమ్మకూ నాన్నకూ నమస్కారాలు, నానమ్మ దీవెనలు కావాలని చెప్పు. గోంగూర పచ్చడి పంపు, ఈసారి కమలకు వేరే సీసా వద్దు. నా బదులు నల్లదాని మెడ నిమురు.

ఎవరిని తీసుకునేదీ రేపు మధ్యాహ్నం చెబుతారు. కమలకు దక్కినా సంతోషమే అని రాద్దామనుకున్నాను, అబద్ధమని కొట్టేశాను. రేపు పొద్దున తొమ్మిదికి, ఇరవై పేజీలూ గదిలోనే వదిలి, ఆ మూడో రోజు సంగతి ఒక్క పేజీలో రాసుకుని మేడం తలుపు తడతాను.

నీ చెల్లెలు,
సుజాత