ఆరో నంబరు బండి ఎర్తు వైరు

ఊళ్లో అందరూ "డూప్లికేట్" అని పిలిచే స్పోర్ట్స్ కార్ల మేస్త్రిని నేను. డెబ్బై ఒకటో ఏట, తలకాయ సరిగా పనిచేస్తుండగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. గుండె మాత్రం సరిగా లేదని డాక్టరుగారు చెప్పారు. చట్టానికి తలకాయ చాలు కాబట్టి గుండె సంగతి అలా ఉంచుతున్నాను.

నేను కట్టిన పదకొండు కార్ల వారంటీ నా ప్రాణంతో ముడిపడి ఉంది. నేను పోతే అదీ పోతుంది. ఆ పదకొండులో ఒక కారు, నా తప్పు వల్ల, ఒక మనిషితో సహా మళ్లీ నడిరోడ్డు మీద ఆగిపోకూడదు. ఈ కాగితం ముఖ్యంగా అందుకే. మిగతావి ఎలాగూ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

1. బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్న నా మేనకోడలు ఈ వీలునామాను అమలు జరపాలి. షెడ్డు, పనిముట్లు, షెడ్డులోని ఫోను సర్వహక్కులతో ఆమెకే చెందుతాయి. కరెంటు కొలిచే ఆ పాత మీటరు కూడా. "మావయ్యా, ఇచ్చేయకూడదూ" అని ఎనిమిదేళ్లుగా అడుగుతున్నావు, కసురుతూనే ఉన్నాను. ఇచ్చేస్తే ఇంక రావేమోనని భయం తల్లీ.

2. బాడీ అచ్చులు పగలగొట్టించాలి. ఎప్పుడో అరవై ఏళ్ల కిందటి ఒక స్పోర్ట్స్ కారును చూసి తీసిన అచ్చులవి. పైన ఫైబరు, లోపల మామూలు ఇంజను. చూడ్డానికి అచ్చం అదే కారు, వానొస్తే తెలుస్తుంది అసలు సంగతి. ముందు గాలి రంధ్రం పాత కారుకి ఎంతుందో అంతే ఉండాలని పట్టుబట్టిన మొండివాణ్ణి నేనే. అందుకే ట్రాఫిక్‌లో పదకొండూ కుతకుతలాడతాయి. పెట్రోలు ముల్లు చచ్చినా సగం దగ్గర నుంచి కదలదు. ఈ తప్పులు ఇంకెవరూ మళ్లీ చేయనక్కరలేదు.

3. నా తమ్ముడికి, మిగిలిపోయిన వారంటీ కార్డుల కట్ట. "తయారుచేసినవారు జీవించి ఉన్నంతకాలం" అని నన్ను అడక్కుండా అచ్చువేయించిన ఘనుడు వాడే. కొనడానికి వచ్చినవాళ్ల ముందు నా వీపు చరిచి, "మా అన్నయ్య గుండ్రాయిలా ఉన్నాడు, ఇంకేం కావాలండీ" అనేవాడు. పదకొండో కారు డోరు దగ్గర చీలగానే చేతులు దులుపుకుని వాటర్ ఫిల్టర్లు అమ్ముకోవడానికి వెళ్లిపోయాడు. తిట్లన్నీ నేను తిన్నాను. ఒరేయ్, ఆ కోపం పద్నాలుగేళ్లు మోశాను, ఇంక నావల్ల కాదు. నా తోలు జాకెట్టు కూడా నువ్వే తీసుకో. అది భుజాల దగ్గర ఎప్పుడూ నీకే సరిపోయేది.

4. ఆరో నంబరు బండి కాక మిగతా పది కార్ల యజమానులకు నా క్షమాపణ. మొదట్లో మీ ఫోను మోగితే ఒళ్లు మండేది. తర్వాత ఒక్కొక్కరే అమ్మేశారు, కొందరు గుడ్డ కప్పి మూల పెట్టేశారు. ఫోను మూగబోయింది. ఆ తిట్లే నయమని అప్పుడు తెలిసొచ్చింది.

5. ఆరో నంబరు బండి యజమానురాలు, రిటైరైన టెలిఫోన్ ఆపరేటరమ్మకు, పదో నంబరు స్పానరు, ఒక గరుకు కాగితం, ఒక నిజం. ఇనప కారులో ఒళ్లంతా కరెంటుకి తిరుగుదారే. ఫైబరుకి ఆ గుణం లేదు కాబట్టి ఎర్తు వైరును కింద ఛాసిస్ ఇనుముకి బిగించాలి. మీ బండిలో నేను రంగు గీకకుండా, రంగు మీదే బోల్టు బిగించాను. అందుకే అన్నీ ఒక్కసారిగా ఆరిపోయి బండి ఆగిపోతుంది. రెండోసారి వచ్చినప్పుడే కనిపెట్టాను. ఐదు నిమిషాల పని. చేయలేదు. బోల్టు కొంచెం తిప్పి, "ఇలాంటి కార్లంతేనమ్మా" అన్నాను. మీరు టీ ఇచ్చారు.

ఏడాదికి నాలుగుసార్లు చొప్పున పదహారేళ్లు. "ఆరో నంబరు మాట్లాడుతోందండీ, మళ్లీ అలిగింది" అని మీరు ఫోనులో అనగానే ఉతికిన చొక్కా వెతుక్కునేవాణ్ణి. సిగ్గులేని బతుకు. మూడేళ్ల కిందట వంతెన మీద ఆగింది, వెనక లారీవాడు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు గీకుదామనే వంగాను. మీరు టార్చి పట్టుకుని పక్కనే నిలబడ్డారు. ఇన్నాళ్లూ ఎందుకు గీకలేదంటే ఏం చెప్పను? గట్టిగా బిగించి వచ్చేశాను. ఆ తర్వాత మోకాళ్లు మొరాయించి, చూడకుండానే చెయ్యి పెట్టి తడిమి, వదులైన బోల్టును వేళ్లతోనే బిగిస్తున్నాను. నేను పోయాక వారంలోపు నా మేనకోడలు వచ్చి ఆ రంగు గీకుతుంది. నన్ను క్షమించండి.

ఆగస్టు తొమ్మిదో తేదీన పైదంతా రాశాను.

వీలునామాకు అనుబంధం: సంతకం పెట్టేలోపే ఆవిడ ఫోను వచ్చింది. బతికుండగానే నా తప్పు నేనే దిద్దుకుందామని గరుకు కాగితం జేబులో పెట్టుకుని వెళ్లాను. మోకాళ్లు ఏమైతే అయ్యాయని బండి కింద పడుకుని టార్చి వేశాను. రంగు ఎప్పుడో గీకేసి ఉంది. చుట్టూ గుండ్రంగా, గ్రీజు రాసి, పని తెలిసిన ఇంకో మేస్త్రి చెయ్యి, వంతెన తర్వాత చేయించినట్టుంది. బోల్టు ఊడి పడిపోలేదు. ఎవరో ఈసారి పూర్తిగా విప్పి, పోకుండా వాషరుతో సహా పక్కన పట్టీ మీద పెట్టారు. అంటే వంతెన తర్వాత ఆ బండి తనంతట తాను ఆగనే లేదు. ఆవిడే ఆపుతోంది.

కింద పడుకునే ఏడ్చాను. "ఏమైందండీ, పెద్ద రిపేరా?" అంది పైనుంచి. "ఇలాంటి కార్లంతేనమ్మా" అన్నాను. టీ తాగి వచ్చేశాను.

కాబట్టి ఐదో క్లాజును ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. తల్లీ, షెడ్డులో ఫోను మాత్రం తీయించకు. ఎప్పుడైనా ఆరో నంబరు మాట్లాడుతోందంటే ఏమైందని అడగకుండా వెళ్లు. మీటరు పట్టుకెళ్లు, ఏదో చూస్తున్నట్టు ఉంటుంది. తొందరపడి లేవకు. బోల్టు వేలితోనే బిగించు, నేనూ అలాగే బిగించి వచ్చాను. స్పానరుతో బిగిస్తే ఆవిడ చేతికి ఊడిరాదు.

ఆగస్టు పదమూడో తేదీ, బుధవారం.

సంతకం: డూప్లికేట్

సాక్షులు:
కార్ల సీట్లు కుట్టే ఆయన
పక్క మందుల షాపు ఆయన