ఫెల్టన్‌కు దక్కకూడని కొట్టు

మసాచుసెట్స్ రాష్ట్రం, లిన్ పట్టణంలో కాపురముంటూ బూట్లు కుట్టి బతికిన ఈనక్ టార్‌బాక్స్ అనే నేను, ఊపిరితిత్తులు చెడినా బుద్ధి చెడకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం అమలు కావలసిన ఏర్పాట్లు ఇందుమూలంగా రాయిస్తున్నాను. కోపపు మాటలు తీసేద్దామని ప్లీడరుగారు అన్నారు. తీస్తే సంతకం పెట్టనన్నాను.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత పొరుగింటి ఒబడయా క్రేన్‌ది. ఏళ్ల తరబడి నా కొట్టులో నా పక్క పీట మీదే కూర్చుని కుట్టాడు. ఒకరు పత్రిక చదివేవారు, మిగతావాళ్లం కుడుతూ ప్రభుత్వాన్ని తిట్టేవాళ్లం. ఇప్పుడు ఫ్యాక్టరీలో యంత్రాల మోతకు పక్కవాడి తుమ్ము కూడా వినపడదు. నా చలికోటు, పొగాకు పైపు ఒబడయాకు చెందవలెను. పైపు కడిగి తాగమని మనవి. కడగడం అతనికి అలవాటు లేదు.

2. తోలుకు బెజ్జాలు పొడిచే నా ఆరెలు, తోలు కోసే రంపెలు, సుత్తి సర్వహక్కులతో కోడలు తబితాకు. బూటు పైతోలు కుట్టడంలో ఆమె చేతికి సాటి లేదు. కూలి పెంచమని ఊరి బూటు పనివాళ్లంతా సమ్మె చేసిన ఏడాది మంచులో ఆడవాళ్ల ఊరేగింపులో ముందు వరసన నడిచింది. "మా వేళ్ల నెత్తురుకి ఆ ఫెల్టన్ ధర కడతాడట మామయ్యా!" అని ఇంటికొచ్చి ఇత్తడి గిన్నె గోడకేసి కొట్టింది. సొట్టపడిన ఆ గిన్నె కూడా ఆమెకే.

3. అలాంజో ఫెల్టన్ సంగతి. తోలు కోయడం వాడికి నేర్పింది నేను. కోసేవాడొకడు, కుట్టేవాడొకడు, బూటుకు మడమ మేకులతో దిగేసేవాడొకడు అని వాడు మా పనిని ముక్కలు చేసి, ఆవిరి యంత్రం పెట్టి, మూడంతస్తుల ఫ్యాక్టరీ లేపాడు. "నువ్వొక్క జత కుట్టేలోపు నా మిషను వంద కుట్టి పారేస్తుంది ఈనక్, వచ్చి చేరిపో" అన్నాడు. యంత్రం మీద నాకు పగ లేదు. ఇనుముకేం తెలుసు పాపం! కాగితపు అట్టను తోలులా కనబడేలా నల్లరంగు పూసి, బూటు అడుగుకు అంటించి, సైన్యానికి అంటగట్టినవాడు మాత్రం మనిషే. అంతర్యుద్ధంలో నా కొడుకు ఆసా ఆ బూట్లేసుకుని వర్జీనియా బురదలో నడిచాడు. అడుగు నానిన రొట్టెలా ఊడింది. చలికి ఎడమ పాదం నల్లబడితే డాక్టర్లు కోసేశారు. "లోపల మనూరి ముద్రే ఉంది నాన్నా, ఫెల్టన్ ముద్ర" అని ఆసుపత్రి మంచం మీంచి చెప్పాడు. వింటూ నేను బతికే ఉన్నాను, అదే నా సిగ్గు.

ఆ ఫెల్టన్ మాత్రం తన ఫ్యాక్టరీ బూటు తొడగడు. నేను కుట్టనని తరిమేశాక బోస్టన్ వెళ్లి చేత్తో కుట్టించుకుంటున్నాడట. ప్రతి మనిషికీ వాడి పాదం కొలతకు చెక్కిన కొయ్య అచ్చులు మా కొట్టు గోడకు ఉంటాయి. మనిషి పోయిన రోజున వాటిని పొయ్యిలో వేస్తాం. ఫెల్టన్ అచ్చులను వాడు బతికుండగానే వేయవలెను. ఈ ఏడు చలి కూడా ఎక్కువే.

4. నా ఒక్కగానొక్క కొడుకు ఆసా ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే మడమలు దిగేస్తున్నాడు. గంట కొడితే కూర్చుంటాడు, గంట కొడితే తింటాడు. ఏం పనిరా అంటే "మడమలు" అంటాడు, బూట్లు అనడు. కాలు పోగొట్టినవాడే కూడు పెట్టాడని వాడికి కృతజ్ఞత! బాయిలరు గది కట్టుకోవడానికి ఫెల్టన్‌కి నా కొట్టు స్థలం కావాలట. "కాదంటే పని పోతుంది నాన్నా" అని నా మంచం పక్కనే గొణిగాడు. పిరికి సన్నాసి. వాడంటే నాకు ప్రాణం.

వాడి కుడికాలికి మేలైన తోలుతో ఒక బూటు కుట్టి ఉంచాను. జత లేని బూటు కుట్టడం నా జన్మలో అదే. ఏడుస్తూ కుట్టాను, కుట్టు మాత్రం వంకర పోలేదు. అది వాడిది.

5. కొట్టు, అది ఉన్న స్థలం ఒక షరతుపై ఆసాకు చెందవలెను. వాడి ఎడమకాలి అచ్చు ఇంకా గోడకే ఉంది. పాదం పోయింది గనక కాల్చేయాలి, నాకు చేతులు రాలేదు. ఆ అచ్చును అలాంజో ఫెల్టన్‌కు రాసి ఇస్తున్నాను. ఆసా పట్టపగలు, అందరూ చూస్తుండగా, చంకకర్రతో ఆ ఫ్యాక్టరీ మెట్లెక్కి, అచ్చును ఫెల్టన్ బల్ల మీద పెట్టి, కొట్టు అమ్మనని నోరు తెరిచి చెప్పవలెను. ఒబడయా పక్కన నిలబడి వినవలెను. నన్ను పూడ్చిన నెలలోగా ఇది జరగకపోతే కొట్టు తబితాకు చెందును, అచ్చును ఆమే తీసుకువెళ్లును. "నేనైతే బల్ల మీద పెట్టను మామయ్యా, మొహాన విసురుతా" అని ఇప్పటికే అంది.

అయినా, ఆసా, నువ్వే వెళ్లు నాన్నా. ఆ కాలు నీది.

1871 నవంబరు 14, లిన్.

(సంతకం) ఈనక్ టార్‌బాక్స్

రాసినదంతా చదివించుకుని, దగ్గు తగ్గేదాకా ఆగి, మా కళ్లెదుట తన చేత్తో సంతకం చేశాడని సాక్షులం:
జెరూషా పిన్నీ, మంత్రసాని
లెమ్యుయెల్ హాస్కిన్స్, రొట్టెల కొట్టు