నీలిపూస, నల్లచుక్క

అల్ అజీజియా, దోహా

ప్రేమగల సుజాతక్కకు,

చెల్లెలు మమత దండాలు. నువ్వు, బావ, పిల్లలు, నా బిడ్డ అక్షిత చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇక్కడ నేను బాగున్నాను. బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో మీ మరిదీ బాగున్నాడు, దిగులుపడకు. ఫోన్ చేస్తే అక్షిత నీ ఒళ్లోనే ఉంటుంది. దాని చెవిన పడకూడని మాట ఒకటుంది, అందుకే మన ఊరి రమేష్ చుట్టీ మీద వస్తుంటే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

మా మాడమ్ వాళ్లు ఇక్కడి ఎండలకు తాళలేక గ్రీసు దేశం పోతూ, చంటివాడిని చూసుకోవడానికి నన్నూ తీసుకుపోయారు. మన ఊర్లో అందరికీ దుబాయ్ ఒక్కటే తెలుసు, ఇక గ్రీసంటే ఏం చెప్తావో నీ ఇష్టం! వాడు ఏడవకుండా చూసుకుంటే బతుకమ్మకు నన్ను ఇంటికి పంపిస్తానని మాడమ్ మాట ఇచ్చింది.

అక్కా, అక్కడ మేం ఉన్న పీలియన్ కొండను చూడటానికి రెండు కళ్లు చాలవు. వాకిట్లో నిలబడితే కింద నీలంగా సముద్రం, వెనక్కి తిరిగితే ఆపిల్ తోటలు. ఇళ్లమీద పెంకులు కాదు, మన షాబాదు బండల్లాంటి రాతి పలకలు. రాళ్లు పరిచిన బాటల మీద కంచరగాడిదలు కట్టెలు మోసుకుపోతాయి. పొద్దున దుప్పటి వదలబుద్ధి కాదు. ప్రతి గడప దగ్గరా కుండీలో సబ్జా చెట్టు ఉంటుంది. తులసమ్మ అనుకుని మొదటిరోజు దండం పెట్టాను! తిండిలో కారమే లేదు, నువ్వు పంపిన చింతకాయ తొక్కే నన్ను కాపాడింది.

మేం దిగిన ఇల్లు ఎలేని అనే ముసలమ్మది. మంచిదే గానీ నాతో ఒక్క పేచీ. నేను రోజూ చంటివాడి బుగ్గకు కాటుక చుక్క పెడతానా, ఆమె మురికి అనుకుని తడి గుడ్డతో తుడిచేది, నన్ను తిట్టేది.

"అవ్వా, అది మురికి గాదు, దిష్టి సుక్క!" అని మొత్తుకున్నాను. ఆమెకు తెలుగు రాదు, నాకు గ్రీకు రాదు, పోట్లాటకు మాత్రం భాష అడ్డం రాలేదు. చివరికి చుక్కను వాడి అరికాలికి మార్చాను.

ఒకనాడు వాడికి కొత్త బట్టలు తొడిగి బయటికి తెచ్చాం. ఎలేని మురిసిపోయి, వాడి ముఖం మీదికి వంగి "ఫ్తూ ఫ్తూ ఫ్తూ" అంది. మాడమ్ ముఖం ఎర్రబడింది.

"యల్లా, సామాను సర్దు! నా కొడుకు మీద ఉమ్మే ఇంట్లో ఉండను" అని కేకలేసింది. వాడు గుక్కపట్టాడు. బతుకమ్మకు ఇంటికి పోవడం ఇక లేనట్టే అనుకున్నాను.

"మాడమ్, మాఫీ ముష్కిల్! ఉమ్ముడు గాదు. ఐన్, ఐన్!" అన్నాను. మాఫీ ముష్కిల్ అంటే ఏం ఫరవాలేదని; దిష్టిని అరబ్బులు ఐన్ అంటారు. నేనూ పిడికిలి బిగించి వాడి చుట్టూ మూడుసార్లు తిప్పి, "థూ థూ థూ" అని, అరికాలి చుక్క చూపించాను. ఎలేని ఆ చుక్కను చూసి నెత్తి కొట్టుకుంది. గబగబా లోపలికి పోయి, పొయ్యి మసి వేలికి అంటించుకొచ్చి, తానే వాడి చెవి వెనక పెట్టింది. వాడు ఆమె ముక్కు పట్టుకుని నవ్వాడు. మాడమ్‌కూ నవ్వు ఆగలేదు.

తర్వాత ఎలేని నా ఫోన్ మీది అక్షిత ఫోటో చూసి ఎవరన్నట్టు చెయ్యి తిప్పింది. నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. ఫోటోకూ ఫ్తూ ఫ్తూ అని, దిష్టి తగలకుండా తన రవికెకు గుచ్చుకున్న నీలిపూస తీసి నా చేతిలో పెట్టింది. మాడమ్ ఫోన్ అందుకుని, "ఇంత చిన్నదా?" అంది. ఇన్నాళ్లూ ఆమె అడగలేదు, నేను చూపలేదు. దోహాకు రాగానే టికెట్ తీయించింది. బతుకమ్మకు వస్తున్నాను అక్కా.

ఈ ఉత్తరంతో పంపుతున్న ఆ పూసను అక్షిత గౌనుకు గుచ్చు. ఇక అసలు మాట. అది నిన్ను అమ్మా అని పిలవడం ఫోన్లో విన్నాను. నువ్వు గబుక్కున దాని నోరు మూశావు. మూయకు అక్కా, పెంచినదానివి నువ్వే. నాకు ఏడుపు రాలేదని అబద్ధం చెప్పను, కానీ కోపం మాత్రం లేదు. నేను వచ్చిననాడు "పో, మీ అమ్మొచ్చింది" అని దాన్ని నా మీదికి నెట్టకు. నేను గడప మీద కూర్చుని తంగేడు పూలు పేరుస్తుంటాను. పూల కోసమైనా అదే వస్తుంది. ఆనాడు రాకపోతే మర్నాడూ అక్కడే కూర్చుంటాను.

బావకు, వాడకట్టు పెద్దలందరికీ నా దండాలు. నన్నూ, మీ మరిదినీ దీవించు. నేను వచ్చేదాకా దానికి దిష్టి నువ్వే తియ్యి.

ఇట్లు
నీ చెల్లెలు,
అక్షితను కన్న మమత