ఫిల్ము డబ్బాల్లో పిల్లలు

జూన్ 11, 2004

నాలుగో నంబరు డబ్బా ఖాళీ.

మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. మూతకి నేను సూదితో పొడిచిన బెజ్జాల్లోంచి చీమ కూడా దూరదు. లోపల కొబ్బరిపీచు పొడి ఉంది, తడి ఉంది, అది అల్లుకున్న దారం ఉంది. సాలీడు పిల్ల మాత్రం లేదు.

రజియాని అడిగాను. "నాకేం తెలుసండీ? అవి మీ పిల్లలు" అంది, చేటలోంచి తల ఎత్తకుండా. బియ్యంలో అంతసేపు చూడాల్సిన రాళ్ళు ఏమున్నాయో.

పన్నెండు ఉండేవి. పదకొండు.

జూన్ 12

డార్క్‌రూమ్ అంతా వెతికాను. ఎండిపోయిన ట్రేల కింద, ఎన్‌లార్జర్ వెనక, టార్చి వేసి. కలర్ ల్యాబులు వచ్చాక ఆ గదిలో నేను ఫిల్ము కడిగి ఎన్నాళ్ళయిందో. స్టూడియోకీ ఇంటికీ మధ్య ఉన్న గది — చీకటి, వెచ్చన, ఎవరూ రారు. వాటికి అంతకంటే మంచి చోటు భవానీపురంలో దొరకదనుకున్నాను.

ఎవరూ రారు... అనుకున్నాను.

జూన్ 15

రజియా తమ్ముడు ఖాసిం వచ్చాడు, కాగితం పొట్లంలో చెదపురుగులు పట్టుకుని. పిల్లలకి మేత. సామిల్లులో పని కాబట్టి చెదలకి కరువు లేదు.

"బావా, ఒకటియ్యి. మిల్లులో వాళ్ళకి చూపించి తెచ్చేస్తా."

ఈ మాట మార్చిలోనూ అడిగాడు. అప్పుడూ వద్దన్నాను. నిరుడు ఏజెన్సీ నుంచి వచ్చిన దుంగ తొర్రలో వీటి తల్లి బయటపడింది ఇతని కళ్ళముందే. అరచెయ్యంత ఉందట. మిల్లువాళ్ళు భయపడి కర్రతో కొట్టేశారు. అది పొట్టకి కరుచుకున్న తెల్లటి గుడ్ల సంచీని ఇతను తువాల్లో చుట్టి తెచ్చాడు, నేను ఫొటో తీస్తానేమోనని. తెచ్చినవాణ్ణి నేనే కదా అన్న ధీమా కళ్ళలో కనిపిస్తూనే ఉంటుంది.

ఇవాళ ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు, మళ్ళీ బతిమాలలేదు. అదే నాకు నచ్చలేదు.

జూన్ 20

స్కేలు పక్కన పెట్టి నెలవారీ ఫొటో తీశాను. ఎనిమిది నెలలకి పెసరగింజ కందిగింజ అయింది. ఈ లెక్కన తల్లి అంత అవడానికి ఏళ్ళు పడుతుంది. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన గుణదల జువాలజీ లెక్చరర్ గారు మొదట్లోనే చెప్పారు — "ఇవి టరాంటులాలండీ. ఆడవైతే మీతోపాటు ముసలివవుతాయి. తొందరపడకండి. కుబుసం విడిచినప్పుడల్లా కాస్త కాస్త పెరుగుతాయి."

నాకు తొందర లేదు. ఈ ఇంట్లో తొందర ఎవరికో తెలియాలి.

జూన్ 21

ప్రతి మూత మీంచి డబ్బా మీదికి సన్నగా గీత గీశాను. మూత తిప్పితే గీత తెగుతుంది. తీసినవాళ్ళకి తెలియదు, నాకు తెలుస్తుంది.

జూలై 5

నిన్న ఉయ్యూరులో పెళ్ళి ఫొటోలు. ఇవాళ వచ్చి చూస్తే తొమ్మిదో నంబరు గీత తెగి ఉంది. పిల్ల ఉందిలే. మూల ముడుచుకుని.

"నీళ్ళ చుక్క వేశానండీ. పొడి ఎండిపోయింది" అంది రజియా.

వెయ్యమని నేను చెప్పానా?

అసలు ఆ ఉయ్యూరు బస్సెక్కితేనే నా మనసు బాగుండదు. రెండేళ్ళ కిందట అక్కడే పెళ్ళి తీస్తుంటే ఖాసిం ఫోను. "మీ అమ్మకి కాస్త నలతగా ఉంది బావా. పని చూసుకుని రా." పని చూసుకునే వచ్చాను. భోజనాల పంక్తులు కూడా తీశాను, పెళ్ళికొడుకు మేనత్తని రెండుసార్లు తీశాను. వచ్చేసరికి అమ్మని మోసుకెళ్ళిన జనాజా శ్మశానం చేరిపోయింది. మూడు గుప్పెళ్ళ మట్టి వెయ్యడానికి మాత్రం అందాను. అమ్మ ముఖం చూడలేదు.

అలా చెప్పమన్నది రజియా. "దారిలో మీరు ఏమైపోతారోనని" అంది. లోకమంతా అలాగే చెబుతారు, నాకు తెలుసు. చావు కబురు చావు కబురులా ఎవరూ చెప్పరు. అయినా ఆ రోజు నుంచీ ఈ మనిషి "ఏం లేదండీ" అంటే నాకు ఏదో ఉందనే వినిపిస్తుంది.

జూలై 6

రాసింది చదువుకున్నాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

జూలై 24

ఏడో నంబరు.

మూత ఉంది. గీత తెగింది. నిన్నంతా నేను కంకిపాడులో. ఖాసిం వచ్చాడా అంటే రాలేదంది. పక్కింటావిడ మాత్రం "మీ బావమరిదిని చూశానండీ సందులో" అంది. మళ్ళీ రజియానే అడిగితే — "ఆ, వచ్చాడు, చెదలు ఇచ్చి వెళ్ళాడు, అదీ ఒక రావడమేనా?"

అదీ ఒక రావడమేనా!

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఉత్త ఫొటోగ్రాఫర్ని.

జూలై 30

ఖాసిం తెచ్చే చెదలు మానేశాను. దుంగలకి మందులు కొడతారు కదా మిల్లుల్లో. అరటితొక్క సీసాలో వేసి మూతి తెరిచి పెడితే ముసిరే చిన్న ఈగలు చాలు.

"నా చేతి మేత చేదైందా బావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వెళ్ళేటప్పుడు టీ తాగలేదు.

ఆగస్టు 16

వాన. బల్బు వేసి ఉంచాను, వెచ్చదనానికి. పది మందీ క్షేమం. రెండో నంబరు కుబుసం విడిచింది. తెల్లారి చూసేసరికి పక్కన పాత చర్మం. అచ్చు చచ్చిన సాలీడులాగే ఉంటుంది, ఖాళీగా, కాళ్ళతో సహా. భూతద్దంలో చూశాను. ఎంత ముచ్చటేసిందో. రజియాని పిలుద్దామనుకుని మానేశాను.

ఎందుకు మానేశాను? నిజం రాస్తే, పిలిస్తే వాటి మీద ఇష్టం ఉన్నట్టు నటిస్తుందేమోనని.

సెప్టెంబర్ 9

పదకొండో నంబరు పోయింది. నేను బజారుకి వెళ్ళి వచ్చిన రెండు గంటల్లో. ఖాసిం ఊళ్ళో లేడు, మచిలీపట్నం వెళ్ళాడు. కనుక ఇక మిగిలింది ఒక్కరే.

రజియా గోళ్ళలో మట్టి.

"ఏమిటది?"

"గోరింట మొక్కకి మట్టి ఎగదోశానండీ."

దొడ్లో సిమెంటు కుండీలో ఉన్న మొక్క అది, అమ్మ పెట్టింది. నిజంగానే మొదట్లో కొత్త మట్టి ఉంది. అబద్ధానికి ఇంత పొందిక ఉంటుందా?

బయట పారేస్తోందేమో. తొక్కేస్తోందా? అది మాత్రం నమ్మను. సాలెపురుగుని ఈ ఇంట్లో ఎవరూ చంపరు. ప్రవక్త తలదాచుకున్న గుహ వాకిట గూడు అల్లి శత్రువుల్ని వెనక్కి పంపింది కదా. అమ్మ బూజు దులిపేటప్పుడు కూడా సాలీడుని చేటలోకి ఎక్కించుకుని బయట దింపేది. రజియాకి ఆ పని నేర్పింది అమ్మే.

సెప్టెంబర్ 10

డార్క్‌రూమ్‌కి తాళం వేశాను. చెవి మొలతాడుకి.

రజియా తాళం చూసింది. మధ్యాహ్నం చారులో ఉప్పు లేదు.

అక్టోబర్ 3

తాళం వేశాక ఒక్కటీ పోలేదు. తొమ్మిదికి తొమ్మిదీ ఉన్నాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సంతోషంగా ఉండాలి కదా. లేదు.

అక్టోబర్ 17

ఒక్కపొద్దులు మొదలయ్యాయి. ఇఫ్తారుకి ఇద్దరమే. ఖర్జూరం నా చేతిలో పెట్టి తను కిటికీ వైపు చూసింది. రెండో నంబరు నాలుగు రోజులుగా ఏమీ తినడం లేదు.

అక్టోబర్ 21

రెండో నంబరు చచ్చిపోయింది.

వెల్లకిలా పడి ఉంది, ఎనిమిది కాళ్ళూ పైకి పెట్టి. కదలిక లేదు. తాళం తాళంలాగే ఉంది. అంటే తలుపు కిందనుంచి... వరండాలో రజియా వెలిగించే దోమల చక్రం. పొగ.

ఒక్కపొద్దు పట్టిన నోటితో అనకూడని మాటలు అన్నాను. "ఒక్కొక్కదాన్నీ చంపావు. ఇప్పుడు పొగ పెట్టి చంపావు" అన్నాను. ఖాసింని కూడా కలిపి తిట్టాను. అరుపులకి స్టూడియోలో కూర్చున్న పార్టీ లేచి వెళ్ళిపోయింది.

రజియా గుమ్మం దగ్గరికి వచ్చి డబ్బాలోకి చూసింది. అప్పుడు ఏడ్చింది.

"ఇలాగేనండీ. ఆ మూడూ ఇలాగే వెల్లకిలా పడి ఉన్నాయి. నీళ్ళు వేద్దామని మూత తీస్తే... మీరు ఇంట్లో లేరు. వచ్చి చూస్తే మీరేమైపోతారోనని నేనే తీసేశాను. చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. గుడ్డపీలికలో పెట్టి, గోరింట మొదట్లో పాతిపెట్టాను. బిస్మిల్లా అనే పెట్టానండీ."

నేను ఏమన్నానో రాయాలి, తప్పించుకోకూడదు. "అమ్మని దాచినట్టే దాచావు" అన్నాను.

ఇఫ్తారుకి ఖర్జూరాలు పళ్ళెంలో పెట్టి ఉన్నాయి, తను లేదు. నమాజు గదిలో ఉంది.

అక్టోబర్ 22, పొద్దున

రెండో నంబరు లేచి నిలబడి ఉంది!

తెల్లగా, మెత్తగా, నిన్నటికంటే పెద్దగా. పక్కన పాత చర్మం, వెల్లకిలా.

పది అయ్యేదాకా ఆగి లెక్చరర్ గారికి ఫోను చేశాను.

"అయ్యో, వెల్లకిలా పడుకునే కుబుసం విడుస్తాయండీ ఇవి. గంటలకొద్దీ కదలవు. చచ్చిపోయాయని చాలామంది పారేస్తారు. అప్పుడు ముట్టుకోకూడదు, పాపం." ఆగి అన్నారు — "ఏవండీ, మీరేమీ పారెయ్యలేదు కదా?"

లేదండీ అన్నాను.

అక్టోబర్ 22, సాయంత్రం

రజియా గుడ్డపీలిక తెచ్చుకుని వచ్చింది, రెండో నంబరుని కూడా వాటి పక్కనే పెట్టడానికి. నిన్న నేను అన్ని మాటలన్నా తెచ్చింది. డబ్బాలో చూసి "లేచిందండీ!" అని నా చెయ్యి పట్టుకుంది. ఎన్నాళ్ళకి పట్టుకుందో. నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది.

"మరి... అవి?"

"అవి నిజంగానే చచ్చిపోయాయి."

"లెక్చరర్ గారు ఏమన్నారు?"

"ఏం లేదు. ఏదో తెగులట. మూడింటికీ అదే అయి ఉంటుందన్నారు."

ఎంత సులువుగా వచ్చేసిందో నోట్లోంచి. రెండేళ్ళుగా దేని గురించి ఈ మనిషిని సాధించానో, అదే పని, అదే మాట — "ఏం లేదు." తను బతికున్నవాటిని పాతిపెట్టిందని ఎలా చెప్పను? బిస్మిల్లా అని మరీ పాతిపెట్టిన మనిషికి? బస్సులో నేను ఏమైపోతానోనని ఆ రోజు తనకి ఎందుకనిపించిందో ఇవాళ అర్థమైంది. అర్థమైంది కానీ కోపం పూర్తిగా పోలేదు. అమ్మ ముఖం నేను చూడలేదు, అది అలాగే ఉంది.

"అవునా" అంది. అని, నన్ను కాసేపు చూసింది.

అక్టోబర్ 24

తాళం తీసేశాను. తను గదిలోకి వెళ్ళడం లేదు.

అక్టోబర్ 30

ఖాసింకి కబురు చేశాను, చెదలు తెమ్మని. తెచ్చాడు. "మిల్లులో చూపించుకో" అని తొమ్మిదో నంబరు చేతిలో పెడితే బిత్తరపోయాడు. "ఏమైంది బావా నీకు? ఒంట్లో బాగానే ఉందా?" సాయంత్రానికి క్షేమంగా తెచ్చి ఇచ్చాడు. నేను అనుమానించినవాడికి టీ ఇచ్చాను. పాపం, రెండు కప్పులు తాగాడు.

నవంబర్ 6

నేను ఫోనులో మాట్లాడితే రజియా పని ఆపేస్తోంది. చెవి ఇటే.

"లెక్చరర్ గారు మళ్ళీ ఫొటోకి వస్తారా?" అని అడిగింది, ఎప్పుడూ అడగనిది.

నవంబర్ 13

ఎల్లుండో ఆ మర్నాడో పండగ, నెలవంక దయ. గోరింటాకు కోద్దామని పొద్దున దొడ్లోకి నేనే ముందు వెళ్ళాను.

కుండీలో, మొక్క మొదట్లో, చిన్న బెజ్జం. పెన్సిలు దూరేంత. అంచు చుట్టూ తెల్లటి దారం, గుండ్రంగా, శ్రద్ధగా అల్లినది. అంచుకి పుల్ల తాకించాను. లోపల ఏదో వెనక్కి జరిగింది.

మా పిల్లేనా? ఏ సందులోదో ఏ దొడ్డిదో ఇంకో పురుగా? అలాంటి గూడు ఇదివరకు ఈ కుండీలో చూడలేదు. రోజూ తను చెంబెడు నీళ్ళు అందులోనే పోస్తుంది. ఇన్నాళ్ళూ ఎలా తట్టుకుందో. పైగా పండగ ముందు మట్టి గుల్ల చేసి ఇంకో నాలుగు చెంబులు పోస్తుంది.

చెబితే ఒకటి బతికిందని సంతోషిస్తుంది. ఆ మరుక్షణం మిగతా రెండూ కూడా అప్పుడు బతికే ఉన్నాయని తెలిసిపోతుంది. రజియా తెలివి తక్కువది కాదు. చెప్పకపోతే ఈ ఒక్కటీ నీళ్ళలో పోతుంది.

చెంబు పట్టుకుని వచ్చింది.

"నేను పోస్తాలే. నువ్వు ఆకు రుబ్బుకో" అన్నాను.

చెంబు ఇవ్వలేదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో నేను ఆ మొక్కకి ఒక్కసారీ నీళ్ళు పోసిన పాపాన పోలేదు. నా ముఖం చూసింది, నా చేతిలో పుల్ల చూసింది.

"ఏం దాస్తున్నారండీ నా దగ్గర?"

"ఏం లేదు" అని లోపలికి వచ్చేశాను.

ఇది రాస్తుంటే కిటికీలోంచి కనిపిస్తోంది. చెంబు కింద పెట్టింది. నీళ్ళు పొయ్యలేదు. కొంగు నడుముకి దోపుకుని, కుండీ పక్కన కూర్చుని, ఆకులు ఒక చేత్తో పక్కకి తీసి, వంగి చూస్తోంది.